ముఖానికి తోలు, వీపుకు రెగ్జిన్

వర్ని వైపు నుంచి బాన్సువాడకు వచ్చే రోడ్డు కార్తీకంలో సగమే బండ్లది, మిగతా సగం వడ్లది. తారు మీద పొడుగ్గా ఆరబోసిన ధాన్యం, దాని అంచున పేర్చిన రాళ్లు, కాళ్లతో వడ్లు తిరగేస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచే ఆడవాళ్లు. మీరెక్కిన పికప్ బండి డ్రైవరు హారన్ కొట్టడు. కొట్టి లాభం లేదని అతనికి తెలుసు. ఎదురుగా హార్వెస్టర్ వస్తే మాత్రం బండిని పక్కకు తీసి ఆగిపోతాడు.

వెనక తొట్టిలో, బొంతల్లో చుట్టి, రెండు సీట్లున్నాయి. వాటి పక్కనే కూర్చుని గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతున్న పెద్దమనిషి వాటి యజమాని. వర్ని దగ్గరి ఒక క్యాంపులో పుట్టారు. 1930లలో నిజాంసాగర్ నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ల ఊళ్లను ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఈయన తాత అలా వచ్చినవాడే. కారు మాత్రం తాతదీ కాదు, తండ్రిదీ కాదు. హైదరాబాదులో చేతులు మారీ మారీ చివరికి ఈయన షెడ్డుకు చేరింది.

కారు పేరు ఎంజీఏ. ఇంగ్లాండులో ఆబింగ్డన్ అనే చిన్న పట్టణంలో 1955 నుంచి 1962 దాకా లక్షా వెయ్యికి పైగా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. వాటిలో చాలా భాగం ఓడలెక్కి అమెరికా పోయాయి. విదేశీ కార్ల దిగుమతి గట్టిగా కట్టడి అయిన ఆ రోజుల్లో మన దేశానికి వచ్చినవి బహు తక్కువ. ఇంజను పని హైదరాబాదులో అయిపోయింది, బాడీ పని నడుస్తోంది. సీట్ల దగ్గరే చిక్కొచ్చింది. నగరంలో ఒక షాపువాళ్లు నమూనాల పుస్తకం తెరిచి డైమండ్ కుట్టు చూపించారట, రెండు రంగుల దారాలు చూపించారట, వేలికి మెత్తగా తగిలే కొత్త రకం రెగ్జిన్లు చూపించారట. ఈయన పుస్తకం మూసి ఇచ్చేసి వచ్చారు.

పికప్ ఒక రేకుల షెడ్డు ముందు ఆగుతుంది. బోర్డు లేదు, అవసరమూ లేదు. షెడ్డు ముందంతా సీట్లే. ట్రాక్టరు సీట్లు, హార్వెస్టరు సీట్లు, ఒక ఆటో వెనక సీటు, పొట్ట చీలిన స్కూలు బస్సు సీట్లు నాలుగు. లోపలికి అడుగు పెట్టగానే సొల్యూషన్ వాసన ముక్కు పైకెక్కుతుంది. కిటికీలోంచి పడే వెలుగులో ఫోమ్ నుసి తేలుతూ కనిపిస్తుంది. గోడకు ఆనించి నిలబెట్టిన రెగ్జిన్ చుట్టలు, మూలన నల్లటి పాత సింగర్ మిషను. మిషను ముందున్న ఉస్తాద్ అరవై దాటిన మనిషి. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి, వాటి కోసం చెయ్యి బల్ల మీద వెతుకుతోంది.

బొంత విప్పగానే ఆయన లేచి వచ్చి సీటును వేళ్లతో తడతారు.

"గిది ఏం బండిది సార్? ట్రాక్టర్‌ది గాదు, జీపుది గాదు."

"స్పోర్ట్స్ కారుది భాయ్. అరవై ఏళ్లు పైబడ్డది."

"గింత చిన్నగుందేంది మరి? కూసునేటోడు బక్కగుండాలె."

ఆ మాట నిజమే. ఎంజీఏ సీటు ఇరుకు. వీపు దగ్గర వంపు తిరిగి రెండు పక్కలా కొద్దిగా ముందుకు వస్తుంది. డ్రైవరు దాదాపు నేలకు ఆనుకుని, కాళ్లు ముందుకు బారజాపి కూర్చోవాలి. స్టీరింగు తొడల మీదికి వస్తుంది. సీటు ఒక్క అంగుళం ఎత్తు పెరిగినా లెక్క మొత్తం తప్పుతుంది. ఈ సంగతి మీకు ఇంకో గంటలో పనికొస్తుంది. ప్రస్తుతానికి ఉస్తాద్ సీటును బల్ల మీద బోర్లించి అడుగు భాగం చూస్తున్నారు. అక్కడ వరుసగా గన్ను పిన్నులు.

"పాత పని గాదిది," అంటారు. "గన్నుపిన్నులు మా దగ్గరికి గియ్యాల రేపే వచ్చినయ్."

పై కవరు ముదురు మెరూన్ రెగ్జిన్, వెడల్పాటి గీతలది. ఒక కాలంలో ప్రతి ఫియట్‌లోనూ కనబడ్డ సరుకు. ఉస్తాద్ మేనల్లుడు పట్టుకారుతో పిన్నులు లాగుతుంటే మీరు వాటిని డబ్బా మూతలో పోగేస్తారు. మెరూన్ పొర లేచి వస్తే దాని కింద నల్లటి ప్లాస్టిక్ బట్ట, దానికి పిన్నులు లేవు, తుప్పు పట్టిన సన్న మేకులున్నాయి. కుర్రాడు బ్లేడు అందుకుని అడ్డంగా కోయబోతాడు.

"అరే, చింపకు రా! కుట్టు వెంబడి కోసుకుంట పో. గిదే మనకు ఫార్మా."

"సరే మామూ."

సీటు పనిలో మొదటి నియమం ఇది. పాత కవరు ఎంత చివికినా అది చెత్త కాదు, నక్షా. దాన్ని కుట్టు కుట్టుకూ విడదీసి, ఏ ముక్క ఎటు వైపుదో సుద్దతో రాసి, బల్ల మీద చదునుగా పరిస్తేనే కొత్త ముక్కల కొలత తెలుస్తుంది. మడతల వెడల్పు, పైపింగ్ లావు, అంగుళానికి ఎన్ని కుట్లన్నది కూడా అక్కడే ఉంటుంది. దారం పోయినా సూది చేసిన కన్నాలు పోవు. ఉస్తాద్ ఇనుప స్కేలు పెట్టి ఆ కన్నాలు లెక్కపెడతారు. మడత వెడల్పు అంగుళాల్లోనూ, మిగిలింది సూతుల్లోనూ కొలిచి గోడ మీద బొగ్గుతో రాస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు సూతు. కోస్తాలో వడ్రంగులు దాన్నే నూలు అంటారని యజమాని గుర్తు చేసుకుంటారు.

నల్ల పొర కూడా తీశాక మిగిలింది చాలా తక్కువ. చెక్క అంచు వెంబడి, మేకుల తలల కింద ఇరుక్కుని, గోరంత గోరంత ముక్కలు. ఒక మేకు పీకి, దాని కింది ముక్కను ఉస్తాద్ అరచేతిలో పెట్టుకుని వాకిట్లోకి నడుస్తారు. మీరూ వెంట వెళతారు. ఎండలో ఆ ముక్క వెనక వైపు గరుకుగా, నారనారగా ఉంది. ముందు వైపు బయటికి కనబడ్డ సగం ఇటుక రంగుకు దిగిపోయింది. మేకు తల కింద దాగిన సగం మాత్రం ఎరుపు, పూర్తి ఎరుపు.

"తోలు," అంటారు ఉస్తాద్.

యజమాని ఫోను తీసి ఒక కాగితం బొమ్మ చూపిస్తారు. ఇంగ్లాండులో గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత కంపెనీల తయారీ రికార్డులు భద్రం చేసింది. చాసిస్ నంబరు పంపితే ఆ కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగు వేశారు, లోపల ఏ రంగు సీట్లు పెట్టారు అనేది చూసి ధ్రువపత్రం ఇస్తారు. ఈ కారు పత్రంలో సీట్ల దగ్గర ఎరుపు అని రాసి ఉంది. కానీ ఏ ఎరుపు? ఎరుపుల్లో వంద రకాలు. ఆ జవాబు మేకు కింద దొరికింది. పాత కార్ల సీట్ల గురించి ఎవరైనా మీతో కేవలం కాగితాల మీద ఆధారపడి మాట్లాడితే, మేకు కింద చూశారా అని అడగండి.

ఇప్పుడు అసలు తగాదా మొదలవుతుంది. తగాదా ఇద్దరి మధ్య కాదు, యజమానిలోనే.

సీటు వెనక భాగాన్ని, అంటే ప్రయాణికుల వీపుకు అవతల కనబడే వైపును, ఎవరూ మార్చలేదు. మెరూన్ కవరు వేసినవాడు అక్కడ దాని మీదుగా లాగి కొట్టేశాడు, అంతే. ఆ పొర తొలగిస్తే లోపల ఎర్రటి బట్ట దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. తోలు కాదు. నూలు బట్ట మీద పూత వేసి, తోలు గీతలు అద్దిన వినైల్. పక్క పట్టీలూ అదే. తోలు పెట్టింది ఒంటికి తగిలే ముఖానికి మాత్రమే.

"కంపెనీ ఇక్కడ కక్కుర్తి పడ్డట్టుందే," అంటారు యజమాని నవ్వుతూ. కాసేపటికి నవ్వు పోయి, "ఇంత ఖర్చు పెట్టాక అంతా తోలే వేయిస్తే పోలా భాయ్?" అంటారు.

చాలామంది ఇక్కడే జారిపోతారు. పాత స్పోర్ట్స్ కారు అనగానే లోపల నిలువెల్లా తోలు ఉండి తీరాలని మన ఊహ. బ్రిటిష్ కంపెనీలు చాలావరకు అలా చేయలేదు. ఎంజీ అయినా, దానికన్నా ఖరీదైన జాగ్వార్ ఈ-టైప్ అయినా ముఖానికి తోలు, వీపుకు, పక్కలకు తోలుబట్ట. పూర్వం ఆ తోలుబట్ట మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే చోట రెగ్జిన్ కంపెనీ చేసింది. నూలు బట్ట మీద నైట్రోసెల్యులోజ్, కర్పూర తైలం, రంగు కలిపిన పూత. ఆ పూత ముసలిదయ్యేకొద్దీ బిరుసెక్కి పగుళ్లిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పీవీసీ వచ్చి దాని చోటు తీసుకుంది. ఎంజీఏ నాటికి పీవీసీదే రాజ్యం. అంటే ఈ సీటు పక్కలకు కావలసింది లండన్ నుంచి తెప్పించాల్సిన అపురూప వస్తువేమీ కాదు. నూలు బట్ట వెనకున్న పీవీసీ. బాన్సువాడలో ఈ షెడ్డు గోడకు ఆనించి పెట్టిన చుట్టల జాతే. జాతి ఒకటే కానీ చుట్టలన్నీ పనికిరావు. ఇప్పటి సరుకు మెరుపెక్కువ, గీత లోతెక్కువ, చాలావాటికి వెనక నూలు బట్ట బదులు అల్లిక బట్ట. ఉస్తాద్ ఒక్కో చుట్ట విప్పి పాత ముక్క పక్కన పెడుతూ వెళతారు. సన్న గీత, తక్కువ మెరుపు ఉన్నది వెనకాల దుమ్ము పట్టిన చుట్టల్లో ఒకటి దొరుకుతుంది. రంగు మాత్రం కలవదు. దాని పేరు, నంబరు రాసుకుంటారు, అదే గీతలో ఎరుపు నిజామాబాదులోనో హైదరాబాదులోనో అడగాలి.

ఖరీదైన కార్లన్నీ తోలుతోనే వచ్చాయనేది కూడా అపోహే. యజమాని ఫోనులో ఒక వెండి రంగు మెర్సిడెస్ బొమ్మ చూపిస్తారు. తలుపులు రెక్కల్లా పైకి లేచే 300 ఎస్ఎల్, 1954 నుంచి 1957 వరకు చేశారు. ఇప్పుడు దాని ధర కోట్లలో. లోపల సీటు మీద గళ్ల బట్ట.

ఉస్తాద్ కళ్లద్దాలు దించుకుని చూసి, "గిది లుంగీ గుడ్డ గదా!" అంటారు. మేనల్లుడు పగలబడి నవ్వుతాడు.

ఆ గళ్ల బట్టే ఆ కారుకు కంపెనీ ఇచ్చిన మామూలు సీటు. తోలు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. పోర్షే 911కు అరవైల్లో నలుపు తెలుపు చిన్న గళ్ల పెపీటా బట్ట వచ్చేది. బట్ట పాడైందని అలాంటి కారుకు ఎవరైనా తోలు తొడిగితే, ఖర్చు పెట్టి మరీ దాని ప్రాయం చెరిపినట్టు.

దర్జాకు కొలమానం వేరేది ఉంది, అది కావాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి చూడవచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. బార్కర్ కంపెనీ బాడీ కట్టింది, 1912 నాటి బండి. ఆయన 1911లోనే పోయారు, అది ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. వెనక సీటును సింహాసనం చేసి ఎత్తున నిలబెట్టారు. అక్కడ ఎవరూ పైసా మిగల్చాలని చూడలేదు. ఆ కారుకు పీవీసీ ముక్క తగిలిస్తే ఎంత తప్పో, ఎంజీఏ వీపుకు తోలు తొడగడం అంతే తప్పు. నిలువెల్లా తోలు తొడిగిన ఎంజీఏను తెలిసినవాడు చూస్తే, చూడ్డానికి బాగానే ఉందంటాడు. ఆ 'బాగానే'లో దీర్ఘం గమనించండి.

యజమాని ఇంకా తేల్చుకోలేకపోతున్నారు. ఉస్తాద్‌కు ఈ జాగ్వార్ల సంగతి, మెర్సిడెస్‌ల సంగతి అక్కర్లేదు. ఆయన పాత వెనక ముక్కను వేళ్లతో రుద్ది చూస్తారు, ఉమ్మి తడితో ఒక మూల తుడుస్తారు, ఎరుపు తేలుతుంది.

"గిది మంచిగనే ఉన్నది సార్. మార్చుడెందుకు? సబ్బు నీళ్లతోని కడుగుదం, అంచులకు కొత్త పట్టీ ఏద్దం. కంపినోడు యాడ పైసలు మిగిలిచ్చుకున్నడో గాడ మనం గూడ మిగిలిచ్చుకోవాలె. గంతే గదా మీరనేది?"

యజమాని అన్నది అది కాదు, అనాలనుకున్నది మాత్రం అదే. ఆయన మాట్లాడకుండా తలాడిస్తారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. మిగిలి ఉన్నదాన్ని కాపాడటం ముందు, మార్చడం ఆ తర్వాత. ఉస్తాద్ ఆ చార్టర్ చదవలేదు. హార్వెస్టరు సీటులో పనికొచ్చే స్ప్రింగు ఒక్కటున్నా పారేయని మనిషికి అది చదవాల్సిన పనీ లేదు.

చాయ్ వస్తుంది. సందులో అవతలి హోటలు నుంచి, అరచేతిలో దాగిపోయే గాజు గ్లాసుల్లో. మీరు తాగుతుంటే ఒక రైతు బైకు మీద వచ్చి తన ట్రాక్టరు సీటు అయిందా అని అడుగుతాడు. కాలేదు. రేపు అంటారు ఉస్తాద్. నిన్న కూడా రేపే అన్నవని రైతు అంటాడు. ఈ సంభాషణకు ఇద్దరూ అలవాటుపడ్డారు.

తర్వాత లోపలి సంగతి. సీటు కింది దిమ్మ ప్లైవుడ్ పలక మీద కూర్చుంది. అంబాసిడర్‌లో అయితే స్ప్రింగులు, వాటి మీద గోనె, గోనె మీద రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు, ఆపైన దూది. ఉస్తాద్ ఆ పద్ధతిలోనే పని నేర్చుకున్నారు. ఇందులో అవేవీ లేవు. ఉన్నది ఒకప్పుడు రబ్బరు నురుగు. చెట్టు పాల నుంచి చేసిన లాటెక్స్ ఫోమ్, 1929లో డన్‌లప్ వాళ్లు కనిపెట్టిన సరుకు. ఇప్పుడు అది పసుపు పొడి. మేనల్లుడు పలక వంచితే గరగరా నేల మీదికి రాలుతుంది. అరచేతితో కొంచెం తీసుకుని నలపండి. లోపల ఇంకా కొంత జిగురుంది, వేళ్లకు అంటుకుంటుంది.

"నలభై డెన్సిటీ ఫోమ్ ఏద్దం," అంటాడు మేనల్లుడు. ఈ షెడ్డులో అన్నిటికీ జవాబు అదే.

ఎత్తు సంగతి ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. షాపులో దొరికే పాలియురెతేన్ ఫోమ్ గట్టిగా ఉంటుంది, మనిషి కూర్చుంటే కొద్దిగానే దిగుతుంది. లాటెక్స్ బాగా దిగి, కూర్చున్నవాడి ఆకారాన్ని పట్టుకుంటుంది. పాత కొలత చూసి అదే మందాన గట్టి ఫోమ్ కోస్తే, ఖాళీ సీటు ఫొటోలో చక్కగా వస్తుంది. మనిషి కూర్చున్నాక కళ్లు అద్దం పై అంచుకు వస్తాయి, మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటాయి. మన దగ్గర రబ్బరు తోటలున్నాయి, కేరళ లాటెక్స్‌తో పరుపులు చేసేవాళ్లున్నారు. ఆ పరుపు పలక తెప్పించి కోయడం ఖర్చే అయినా అదే దారి. యజమాని ఫోనులో మందం కొలతలు రాసుకుంటారు. ఉస్తాద్ ఆయన్ని ప్లైవుడ్ పలక మీద కూర్చోమంటారు, పక్కన ఇటుకలు పేర్చి, ఫోమ్ ముక్కలు ఒక్కోటీ కిందకు తోస్తూ, నేల నుంచి నడుం ఎత్తు కొలుస్తారు. పెద్దమనిషి షెడ్డు మధ్యలో, లేని స్టీరింగు పట్టుకుని, కాళ్లు చాపి కూర్చుని ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

మడతల దగ్గర ఉస్తాద్‌కు పట్టింపు ఎక్కువ. సీటు ముఖం మధ్యలో నిలువు మడతలు. యాభైల్లో వాటిని నిజంగా కుట్టేవాళ్లు. తోలు కింద పలుచటి బట్ట పెట్టి, గీత గీతకూ కుట్టు వేసి, ఆ గొట్టాల్లో దూది నింపేవాళ్లు. అరవైలు దాటాక వినైల్ సీట్లకు మిషను వేడితో అతికించిన గీతలు వచ్చాయి. దూరం నుంచి మడతలే అనిపిస్తాయి కానీ దారం ఉండదు. 1970 నాటి సీటుకు కుట్టు మడతలు వేస్తే అది ముసలితనం నటించడం, 1958 నాటి సీటుకు వేడి అతుకు వేస్తే చిన్నతనం నటించడం. ఈ రోజుల్లో చాలామంది పలుచటి ఫోమ్ అతికించిన తోలును మీదనే కుట్టేస్తారు. పని త్వరగా అవుతుంది, మడత మాత్రం చదునుగా, నీరసంగా వస్తుంది. దూది నింపిన మడతకు గుండ్రటి ఒళ్లుంటుంది. ఉస్తాద్ సన్న ఇనుప చువ్వ ఒకటి తీసి చూపిస్తారు, దాంతోనే దూది తోస్తారట. పట్టీ మీద ఒక గొట్టం కుట్టి, నింపి, మీ చేతికిస్తారు. నొక్కి చూడండి. వదిలాక మెల్లగా పైకి లేస్తుంది.

దారం విషయంలో మాత్రం ఆయన కాలాన్ని గౌరవించరు. అప్పటి నూలు దారం ఈ ఎండలకు, ఈ వానలకు ఎన్నాళ్లుంటుంది? లోపలి కుట్లకు నైలాన్ దారమే అంటారు. బయటికి కనబడే చోట మెరవని దారం వేస్తానంటారు. యజమాని కొంచెం గుంజాటన పడి ఒప్పుకుంటారు. నన్నడిగితే ఇది సరైన రాజీ. కంటికి కనబడేది, ఒంటికి తెలిసేది పాత పద్ధతిలో ఉండాలి. మడత లోపల దాగిన దారం తెగి, సీటు మళ్లీ విప్పాల్సి వస్తే ఎవరికీ పుణ్యం రాదు.

ఇక తోలు. ఆ రోజుల్లో బ్రిటిష్ కార్లకు పేరున్న తోలు కానలీ వాళ్లది. 1878లో లండన్‌లో అన్నదమ్ములు మొదలుపెట్టిన వ్యాపారం, 2002లో ఆ తోళ్ల కంపెనీ మూతపడింది. ఇంగ్లాండు నుంచి తెప్పించాలనుకుంటే ఇప్పటికీ చేసేవాళ్లున్నారు, సుంకాలు కలిపితే కారు ధర గుర్తొస్తుంది. దగ్గర దారి ఆంబూరు, రాణిపేట. తమిళనాట ఆ పట్టణాల్లో తోళ్ల పరిశ్రమ పాతది. ఒకప్పుడు మద్రాసు నుంచి ఓడల్లో ఇంగ్లాండు వెళ్లిన తోళ్లను ఊనడానికి వాడింది తంగేడు బెరడు, ఆ తర్వాత కరక్కాయ. బతుకమ్మలో పేర్చే తంగేడే. మీరు వచ్చిన దారిలో కాలువ గట్టు దాటాక బీళ్లలో పసుపుగా ఊగిందే, అదే. కారు సీట్ల తోలుకు తర్వాతి కాలంలో క్రోమ్ పద్ధతి వచ్చింది కాబట్టి ఈ సీటుకు తంగేడుతో లెక్కలేదు. అయినా ఎర్ర ముక్కను చేత్తో పట్టుకుని ఆ పొదల వైపు చూస్తే ఇంగ్లాండు మరీ అంత దూరం అనిపించదు.

యజమాని గొంతు తగ్గించి, "ఇంట్లో మా అమ్మ ఉంది భాయ్. ఆవు తోలంటే గుమ్మం దాటనివ్వదు," అంటారు.

ఎవరూ నవ్వరు. ఇది మన ఊళ్లలో నిజమైన చిక్కు, ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి జవాబు ఉండదు. బర్రె తోలు వాడొచ్చు. దాని మీది గీత ముదురుగా, గరుకుగా ఉంటుంది. అరవై ఏళ్ల కిందటి ఎంజీ ముఖానికి ఉండాల్సిన సన్న గీత కాదది. పైభాగం అరగదీసి, పూత పట్టించి, సన్న గీత అద్దిన రకాలున్నాయి. అప్పటి తోలు కూడా పూత పట్టించిందే కాబట్టి, చేతికి తేడా తెలిసినా కంటికి తెలియకుండా చేయవచ్చు. కారు ఇంట్లో కాకుండా పొలం దగ్గర షెడ్డులోనే ఉంటుంది కదా అని మేనల్లుడు ఒక ఉపాయం చెబుతాడు. పెద్దమనిషి ఆలోచనలో పడతారు. తేలలేదు. మీరున్నంతసేపూ తేలదు.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని, అసలు రూపం చెడకుండా ఉంటే, వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు పలక మీద వీఏ అనే అక్షరాలు వస్తాయి. యజమాని లక్ష్యం ఆ రెండక్షరాలే. నియమాలు చూసేది ప్రధానంగా చాసిస్, బాడీ, ఇంజనుల్ని. సీటు బట్ట ఏ రంగని ఎవరూ అడగరు. 2017లో ఫలక్‌నుమాలో కార్టియే వాళ్ల పాత కార్ల పోటీ జరిగినప్పుడు చూడటానికి వెళ్లి, పచ్చిక మీద నిలబెట్టిన కార్ల లోపలికి వంగి వంగి సీట్లే చూశానని ఆయన చెబుతారు. ఆ రోజు పట్టుకుంది ఈ జబ్బు అంటారు.

పైపింగ్ రంగు మీద ఇంకో పావుగంట. తోలు ఎరుపే, పైపింగ్ కూడా ఎరుపేనా, వేరే రంగా? ఎంజీఏల్లో కొన్నింటికి సీటు ఒక రంగు, పైపింగ్ ఇంకో రంగు ఉండేవి. పుస్తకాలు ఒకటి చెబితే బతికున్న కార్లు ఇంకోటి చెబుతాయి. ఉస్తాద్ వెనక పట్టీ మూల దగ్గర బ్లేడు మొనతో నాలుగు కుట్లు తెంపుతారు. లోపల నలిగిన తాడు, తాడు చుట్టూ తిప్పిన సన్న పట్టీ. దాన్ని విప్పి చదును చేస్తే లోపలి అంచు కనబడుతుంది. ఎరుపు. వాదన అక్కడికి ముగుస్తుంది.

ఎండ తగ్గింది. ముక్కలన్నిటినీ మేనల్లుడు పాత బెడ్‌షీటులో మూటగట్టి అటక మీద పెడతాడు. పలకలు గోడకు ఆనాయి. యజమాని మొహమాటంగా ఎప్పుడిస్తారని అడుగుతారు.

"కోతలయినంక," అంటారు ఉస్తాద్, వాకిట్లో పేరుకున్న సీట్ల వైపు చూపించి. "గిప్పుడు హార్వెస్టర్లోళ్లు నన్ను బతకనియ్యరు. మీరు తోలు పట్టుకొని సంక్రాంతి దాటినంక రార్రి. ముందల డ్రైవర్ సీటు కుట్టి సూద్దం, మంచిగొస్తే రెండోది."

అడ్వాన్సు ఎంతంటే చెయ్యి ఊపేస్తారు. ట్రాక్టరు సీటుకు తీసుకునే కూలీకి నాలుగింతలు చెబుతారు, యజమాని బేరమాడరు. బండెక్కబోతుంటే వెనక నుంచి పిలుస్తారు.

"సార్, ఒక్క మాట. తోలు చుట్ట చుట్టి తేవాలె. బట్ట లెక్క మడత పెట్టి సంచిలేసుకొస్తే ఆ గీత ఇగ పోదు, ముక్క మొత్తం కరాబైతది. గా ఆంబూరోళ్లకు గూడ చెప్పుర్రి."

యజమాని ఆ మాట కూడా ఫోనులో రాసుకుంటారు.